వ్రాయబడని శాసనము: తరిగొండ వెంగమాంబ చరిత్రము

శాసనములు రెండు తెఱగులు. ప్రభుత్వమువారు ముద్రించి ప్రకటించునవి కొన్ని; ఎవరును ముద్రింపకయే, ఎవరును ప్రకటింపకయే ఊరివారందఱును ఎఱిగి నడచుకొనునవి కొన్ని. మొదటివానిని మీఱినవారికి న్యాయస్థానమున విచారణ జరుగును. సాక్షులను పిలుతురు, వాదమును విందురు, తీర్పు నచ్చనిచో పైకోర్టునకు పోవ వీలుండును. రెండవవానిని మీఱినవారికి విచారణ లేదు, వాదము లేదు, అప్పీలు లేదు. వీధిలో మొగములు త్రిప్పుకొందురు. నూతికడ మాటలు ఆగిపోవును. పెండ్లిపిలుపు ఆ యింటి గడపను దాటిపోవును. శిక్ష యంతయు ఇంతే. అయినను జరిమానా చెల్లించి మఱునాడే మఱచిపోయినవారిని మేము పలువురను చూచితిమి గాని, ఈ శిక్షను మఱచినవారిని ఒక్కరినైనను చూడలేదు.

వ్యాజ్యెములు వాదించుట వృత్తిగా గల మేము ఈ రెండవ తెఱగు శాసనమును చులుకనగా చూడజాలము. 1868వ సంవత్సరమున రామనాథపురపు దత్తత వ్యాజ్యెములో ప్రీవీ కౌన్సిలువారు, స్పష్టముగా రుజువైన ఆచారము ధర్మశాస్త్రపు వ్రాతకంటె బలవత్తరమని తీర్మానించిరి. ఆ వ్యాజ్యెమున తేల్పవలసినది ఒక వితంతువునకు గల దత్తతాధికారము. ఆచారమునకు గల బలమెంతో లండను నగరమున న్యాయమూర్తులు కూర్చుండి నిర్ణయించుటకు నూఱేండ్లకు పైబడిన కాలమునకు ముందే, మన చిత్తూరు సీమలో ఒక బాలవితంతువు ఆ బలమును తన తలమీద భరించి చూచినది. ఆమెయే తరిగొండ వెంగమాంబ. ఆమె భక్తురాలని ఎల్లరును ఎఱుగుదురు. కవయిత్రియని చదువుకొన్నవారు ఎఱుగుదురు. ఒక వ్రాయబడని శాసనముతో ఎనుబది యేండ్లు వ్యాజ్యెమాడిన స్త్రీయని తలచువారు కొలదిమంది. ఆమె చరిత్రమును ఆ కన్నుతో చూచుట ఈ చిన్నపుస్తకమున మా ఉద్దేశము.

ముందుగా ఆ సీమ ఆచారములను గుఱించి కొంత చెప్పవలసియున్నది. ఆచారమనగానే దూషింపవలసినదే యని మా మతము కాదు. తిరుమల కొండమీద పూచిన పూలన్నియు స్వామివే యను భావముచేత అచ్చట స్త్రీలు తలలో పూలు ముడుచుకొనరు. పూలు లేనిదే గడప దాటని ఆడుపడుచులు కొండ యెక్కునప్పుడు తమంత తాము జడలోని పూలను తీసివేయుదురు. తెలియక ముడుచుకొని వచ్చిన దూరదేశపు యాత్రికురాలికి ప్రక్కనున్న ముసలమ్మ మెల్లగా చెప్పును, ఆమెయు తీసివేయును. పుష్కరిణిగట్టున వెలసిన వరాహస్వామిని మొదట సేవించి పిదపనే వేంకటేశ్వరుని సేవింపవలెననునది మఱియొక ఆచారము. కొండకు అధిపతి వరాహస్వామియనియు, వేంకటేశ్వరుడు ఆయనయొద్ద స్థలము పుచ్చుకొన్నాడనియు స్థలపురాణము. ఇల్లు ఇచ్చినవానిని ముందు పలుకరించుట మర్యాదయే గదా!

కొండ దిగి తిరుపతికి వచ్చినచో, వేసవిలో జరుగు తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇంకను వింతయైనది. చాటింపు అయిన పిదప ఊరివారు ఊరు విడిచి పోరాదు. మీసములు గల మగవారు చీర కట్టి, రవిక తొడిగి, కాటుక దిద్దుకొని వీధులలో తిరుగుదురు. చూచి నవ్వువారు లేరు. వేషధారులు పలుకు బూతులకు ఎవరును కోపగింపరు. తక్కిన దినములలో ఒక్కమాటకు పరువునష్టపు దావా వేయగల పెద్దమనుష్యులు ఆ వారము దినములును నవ్వుచు నిలుచుందురు. జాతర ముగియగానే ఆ స్వేచ్ఛయు ముగియును.

ఈ ఆచారములు వింతగా నుండవచ్చును గాని వీనివలన ఎవరి బ్రదుకును చెడదు. ఏల? పూల నియమము రాణికిని కూలిదానికిని సమానమే. కొండ దిగగానే ఇరువురును మరల పూలు ముడుచుకొందురు. జాతరలో తిట్టు తిన్నవాడు ఒంటరివాడు కాడు, ఊరెల్ల తిట్లు తినును. అందఱకును ఒక్కటియై, కొంతకాలమునకు తనంత తాను తీరిపోవు ఆచారము కాపుకట్టు వంటిది; పండుగ కాగానే విప్పుదురు. ఒక్కరిమీదనే పడి, చచ్చువఱకును తొలగని ఆచారము సంకెల వంటిది. వితంతువును గుఱించి మన పెద్దయిండ్లలో పాటించిన ఆచారము ఈ రెండవ జాతిది.

ఆ శాసనములోని విధులను మన చదువరులకు వివరింప నక్కఱలేదు. తల గొఱిగింపవలెను, గాజులు పగులగొట్టి, బొట్టు తుడిచి, తెల్లనిదో కావిదో ఒక ముతకచీర చుట్టవలెను, ఒంటిపూట తినవలెను. ఇవి ఇంటిలోపలి విధులు. వీథిలోని విధులు అంతకంటె కఠినములు. ప్రయాణమై పోవువారికి ఆమె ఎదురుపడరాదు. పెండ్లిపందిటిలో ముందు నిలువరాదు. మంగళహారతి పళ్లెరమును తాకరాదు. మనుస్మృతిలో వితంతువునకు శిరోముండనము విధింపబడలేదు. ఆచారవాదులు తఱుచుగా చూపునది స్కాందపురాణములోని కాశీఖండము. అనగా, పెక్కు స్మృతుల మౌనమును ఒక పురాణవాక్యమును త్రాసులో వేసి, స్త్రీకి ఏది బరువో దానివైపే ముల్లును మ్రొగ్గించిరి. కోట్లకొలది స్త్రీలలో ఒక్కరినైనను సమ్మతమా యని అడిగినవారు లేరు.

వెంగమాంబ 1730వ సంవత్సర ప్రాంతమున తరిగొండలో పుట్టినది. ఆ గ్రామము గుఱ్ఱంకొండ దుర్గమునకు చేరువ; వాయల్పాడు తాలూకాతో కూడ మొదట కడప జిల్లాలో నుండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. ఊరి దైవము లక్ష్మీనృసింహస్వామి. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ, నందవరీక బ్రాహ్మణులు. అప్పటి కాలము ఎట్టిదనగా, గుఱ్ఱంకొండ కోట ఆమె జీవితకాలములోనే కడప నవాబులు, మరాఠాలు, మైసూరు ప్రభువులు, నైజాము అను పలువురి చేతులు మాఱి, తుదకు 1800లో దత్తమండలములతో కూడ ఇంగ్లీషు కుంపిణీవారికి చేరినది. కోటపై జెండా మాఱినప్పుడెల్ల పన్నులు మాఱెను, నాణెములు మాఱెను, కచ్చేరి భాష మాఱెను. వితంతువు తలను గుఱించిన శాసనము మాత్రము మాఱలేదు. రాజ్యములకంటె ఆచారము ఎంత దృఢమైనదో ఇంతకంటె వేఱు నిదర్శనము వలదు.

ఆ కాలపు ఆడపిల్లకు చదువు లేదు. చిన్ననాడు గురువుకడ ఓనమాలైనను దిద్దలేదని ఆమెయే తన కావ్యమున చెప్పుకొన్నది. ఆటపాటల వయస్సులోనే ఆమెకు ధ్యానమునందును కీర్తనలయందును ఆసక్తి మెండు. ఒంటరిగా కూర్చుండి కన్నులు మూసికొను పిల్లను చూచి, పిచ్చియని కొందఱును దయ్యమని కొందఱును అనిరి. మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యదేశికులు ఆమెకు గురువై ఉపదేశము చేసిరి. ఆడపిల్లకు యోగమార్గము నేర్పుట ఆ దినములలో సామాన్యమైన సాహసము కాదు. శిష్యురాలి కీర్తిలో ఆ గురువునకును భాగము చెల్లవలసినదే.

పిల్లకు పెండ్లి చేసినచో ఊరినోరు మూతపడునని తలిదండ్రులు తలచిరి. కుండకు మూకుడు పెట్టవచ్చును గాని ఊరినోటికి పెట్టలేము. బాల్యముననే వేంకటాచలపతి యను బాలునితో పెండ్లి జరిగినది. కాపురమునకు పోకమునుపే అతడు మరణించినాడు. అంతవఱకు పిచ్చిదని గుసగుసలాడిన ఊరు ఇప్పుడు తన శాసనమును చేత పట్టుకొని వాకిట నిలిచినది. క్షురకుని పిలిపింపవలెను, గాజులు తీయింపవలెను.

వెంగమాంబ ఒప్పుకొనలేదు. తన పతి శ్రీవేంకటేశ్వరుడే యనియు, ఆయనకు మరణము లేదు గనుక తనకు వైధవ్యము లేదనియు ఆమె నిలిచి చెప్పినది. బొట్టు చెరుపుకొనలేదు; గాజులు తీయలేదు; జుట్టు తీయింపలేదు; పూలు మానలేదు.

ఈ సమాధానమును మేము వృత్తిరీతిని కొంచెము పరిశీలింతుము. కోర్టులో ప్రతివాది రెండు విధములుగా ఎదురాడవచ్చును. ఈ శాసనమే అన్యాయమని అనవచ్చును; లేదా, శాసనము ఎట్లున్నను అది నాకు వర్తింపదని అనవచ్చును. వెంగమాంబ పట్టినది రెండవ త్రోవ. వితంతువులకు ఈ విధులు ఏల యని ఆమె అడిగినట్లు వినము. నేను వితంతువును కానని మాత్రమే ఆమె వాదము. పదునెనిమిదవ శతాబ్దిలో, చదువు చెప్పింపబడని ఒంటరి బాలికకు ఇంతకంటె గట్టి వాదము దొరకదు. భగవంతుని పేరెత్తినచో శాస్త్రులు నిరుత్తరులగుదురని ఆమె బుద్ధికి తోచియుండును. ఆ వాదమే ఆమెను కాపాడినది. అయితే ఆ వాదమునందే, తక్కిన అభాగ్యురాండ్రకు ఏమియు మిగులనీయని లోపమును దాగియున్నది. ఆ విషయమునకు మరల వత్తుము.

ఊరు ఊరకుండలేదు. నిందలు వచ్చినవి, బంధువులు కృష్ణయ్యగారి యింటిని ఒత్తిడి పెట్టిరి, తుదకు ఆ సీమలోని స్మార్తులకు అధికారస్థానమైన పుష్పగిరి పీఠమువఱకు ఫిర్యాదు పోయినది. స్వాములవారు వచ్చి ఆమెను పిలిపించి వపనము చేయింప ఆజ్ఞాపించిరనియు, ఆమె ఏటిలో మునిగి లేచునప్పటికి కేశములు మునుపటివలెనే వ్రేలాడుచుండెననియు జనులు చెప్పుకొందురు. స్వాములవారి పీఠము ఆమె నమస్కారమునకు మండిపోయినదని మఱియొక కథ.

మేము అద్భుతములమీద ఆధారపడువారము కాము. వానిని నమ్మువారితో కలహించుటయు ఇచ్చట మా పని కాదు. కథలను ప్రక్కన పెట్టినను మిగులు సంగతి చిన్నది కాదు. మఠము, కులము, బంధువర్గము ఏకమై ఒక బాలికమీదికి వచ్చినవి. ఆ బాలిక తల వంచలేదు. తుదకు ఆమె జుట్టు ఆమెకే ఉన్నది. ఏటిలో మునిగి లేచుటకంటె, ఊరి చూపులలో దినదినము మునిగి దినదినము లేచుట గొప్ప అద్భుతమని మా అభిప్రాయము. ఒక్కనాటి ధైర్యము పలువురకు ఉండును. ఏండ్లతరబడి అదే వీథిలో, అదే బొట్టుతో, మొగము త్రిప్పుకొనువారి నడుమ నడచుపోవు ధైర్యము అరుదు.

ఆమె నృసింహస్వామి ఆలయములో ఆంజనేయుని విగ్రహము వెనుక ఏకాంతముగా ధ్యానము చేసికొనుచుండెడిది. పూజారి ఒకనాడు కనిపెట్టి, ఆమెను జుట్టు పట్టి వెలుపలికి ఈడ్చినాడని చెప్పుదురు. ఏ జుట్టును ఉంచుకొన్న నేరమునకు ఊరు ఆమెను వెలివేసినదో, ఆ జుట్టే ఆనాడు ఈడ్చువాని చేతికి పట్టు అయినది. అవమానమున కుంగిన ఆమె తరిగొండను విడిచి తిరుమలకు ప్రయాణమైనది. ఒంటరియైన యువతి, అందులోను ఊరు వెలివేసిన యువతి, రాజ్యములు తారుమాఱగుచున్న ఆ దినములలో అడవిదారిని నడచి సప్తగిరులు ఎక్కుట ఎంతటి పనియో చదువరులే ఊహింపగలరు.

ఇచ్చట ఒక్కనిమిషము ఆగి, ఆ కొండమీది మఱియొక ఆచారమును చూడుదము. తిరుమలలో కల్యాణకట్ట కలదు. వేలకొలది స్త్రీపురుషులు అచ్చట స్వామికి తలనీలాలు సమర్పింతురు. ముత్తైదువలు సైతము మ్రొక్కుకొని, కూర్చుండి, తల వంచి, నవ్వుచు లేతురు. గుండుతో వచ్చు స్త్రీని చూచి అశుభమని అడుగు వెనుకకు వేయువాడు ఆ కొండమీద లేడు. మ్రొక్కు చెల్లించుకొన్న పుణ్యాత్మురాలని దారి యిత్తురు. కత్తి ఒక్కటే, తల ఒక్కటే, రాలిన జుట్టు ఒక్కటే. ఒకచోట అది పూజ, మఱియొకచోట అది దండన. భేదము ఎచ్చట నున్నది? కల్యాణకట్టలో తల వంచినది ఆ స్త్రీ. మన యిండ్లలో తల వంచినది ఆమె బంధువులు. సమ్మతి యను ఒక్క అక్షరముతో మంగళము అమంగళమగును. వెంగమాంబ నిలిపికొన్నది జుట్టు కాదు, ఆ సమ్మతిని.

తిరుమలలో హాథీరాంజీ మఠమువారును, తాళ్లపాక అన్నమాచార్యుల వంశమువారును ఆమెను ఆదరించిరని పరంపరగా వచ్చిన మాట. స్వామి సన్నిధిని హారతి యిచ్చుట, కీర్తనలు పాడుట, ఇంటికి వచ్చి వ్రాయుట ఆమె దినచర్య యయ్యెను. అచ్చటను ఊరినోరు ఉండనే యున్నది. పొరుగున నున్న అర్చకుడొకడు ఆమె ధ్యానమునకు భంగము కలుగునట్లు ఎంగిలివిస్తళ్లు ఆమె యింట పాఱవేయించెడివాడని చెప్పుదురు. ఈ బాధలు పడలేక ఆమె తిరుమలకు దూరముగా అడవిలో నున్న తుంబురుకోనకు పోయి, అచ్చట ఏకాంతమున ఆఱేండ్లు తపస్సు చేసెనని ప్రతీతి. పిదప మరల తిరుమలకు వచ్చి జీవితాంతము అచ్చటనే నివసించినది.

ఓనమాలు చదువలేదని చెప్పుకొన్న ఈ స్త్రీ వ్రాసిన గ్రంథములను లెక్కించినచో మన పట్టభద్రులు సిగ్గుపడవలసి యుండును. తరిగొండలో నుండగానే నృసింహశతకము, శివనాటకము, నృసింహవిలాసకథ, బాలకృష్ణనాటకము, రాజయోగసారము వ్రాసినది. పిదప విష్ణుపారిజాతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, గోపికానాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము, పద్యకావ్యముగా వేంకటాచలమాహాత్మ్యము, అష్టాంగయోగసారము, ద్విపదలో వాసిష్ఠరామాయణమును భాగవతమును.

ఈ పట్టికలో రెండు సంగతులను చదువరులు గమనింపవలెను. మొదటిది, ఆమె ద్విపదను యక్షగానమును విశేషముగా ఆదరించినది. ద్విపద చదువురాని స్త్రీలు రోలుకడను తిరుగలికడను పాడుకొన వీలైనది; యక్షగానము వీథిలో పదిమంది నడుమ ఆడునది. వీథిలో ఎదురుపడరాదని ఎవరిని శాసించిరో, ఆమె మాటయే వీథి నడుమకు వచ్చి నిలిచినది. రెండవది, ఆమె వేదాంతమును వ్రాసినది. రాజయోగసారమున కపిలమహర్షి తన తల్లియైన దేవహూతికి యోగమును ఉపదేశించును. వేదాంతవిచారమునకు స్త్రీ అర్హురాలు కాదని పండితులు వాదించిన కాలమున, ఒక స్త్రీ, స్త్రీకి జరిగిన ఉపదేశమునే కథావస్తువుగా ఎంచుకొనుట యాదృచ్ఛికము కాదని మేము తలచుచున్నాము. పండితులకు ఆమె వేఱుగా ప్రత్యుత్తరము వ్రాయలేదు, వ్రాయనక్కఱయు లేకపోయినది.

కీర్తితోపాటు కానుకలును వచ్చినవి. వానిని ఆమె దాచుకొనలేదు. ఏటేట నృసింహజయంతి ఉత్సవములు జరిపించి యాత్రికులకు అన్నమును దాహమును ఏర్పాటు చేసినది. ఆ ధర్మమునకై పలువురు దాతలు ఆమె పేర దానపత్రములు వ్రాసియిచ్చిరి. ముసలితనము వచ్చునప్పటికి, తరిగొండ గెంటివేసిన బాలవితంతువు తిరుమలలో ఒక గౌరవస్థానమై యుండెను. 1817వ సంవత్సరము శ్రావణ శుద్ధ నవమినాడు, ఎనుబదియేడేండ్ల వయస్సున ఆమె సమాధి చెందినది. ఆలయమునకు ఉత్తరముగా ఆమె బృందావనము నేటికిని కలదు.

ఆమెకు దక్కిన గౌరవములలో ఒకటి మిక్కిలి విశేషమైనది. రాత్రి ఏకాంతసేవలో స్వామికి తాళ్లపాకవారు లాలి పాడుదురు. అప్పుడు తరిగొండవారి పక్షమున ముత్యాలహారతి జరుగును. ఈ లాలిహారతుల జంట సామాన్యజనుల నోట సామెతయై నిలిచినది. చదువరులారా, ఇందలి అంతరార్థమును ఆలోచింపుడు. మంగళహారతి పళ్లెరమును వితంతువు తాకరాదనునది ఊరి శాసనము. ఆంధ్రదేశమునందలి మిక్కిలి ప్రసిద్ధమైన ఆలయములో, దినమునకు కడపటి మంగళహారతి జరుగుచున్నది ఊరు వితంతువని నిర్ణయించిన స్త్రీ పేర. ముత్తైదువ చేతి దీపముతో తెల్లవాఱవలెనని ఇంటింట పట్టుపట్టువారు, వెంగమాంబ హారతిని కన్నుల కద్దుకొని కొండ దిగుదురు.

కొండమీది ఆచారములను వ్రాతలో పెట్టించినవారు కుంపిణీ అధికారులు. 1801లో ఆలయపు నిర్వాహము వారి చేతికి వచ్చినది. 1821లో బ్రూసుకోడు అను పేర నలువదిరెండు నిబంధనలు ఏర్పడినవి. వాడుకలో నున్న మామూళ్లను చెడనీయక నడుపుటయే వాని సారము. 1843లో మహంతులు వచ్చిరి. 1933లో దేవస్థానము కమిటీ వచ్చినది. ఇన్ని చేతులు మాఱినను ముత్యాలహారతి నిలిచినది. దీనివలన న్యాయశాస్త్రమునకు ఒక పాఠము కలదు. ఆచారమును ఎదిరించి గెలువగలది కేవలము వాదము కాదు, మఱియొక ఆచారము. ఒక్కరు ధైర్యముతో ఒక్కసారి చేసినది సాహసము. అదే దినదినము చేసినచో వాడుక. ఆ వాడుక తరములు నిలిచినచో శాసనము. వెంగమాంబ తన హారతితో ఊరి శాసనమునకు ఎదురుగా మఱియొక శాసనమును ఎక్కించి పోయినది.

అయితే మేము కథను ఇచ్చట ముగించి హారతి కన్నుల కద్దుకొని పోజాలము. ఆమె గెలిచినది, తక్కినవారి మాట ఏమి? ఆమె సమాధి చెందిన 1817 మొదలు, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించిన 1881 డిసెంబరు 11వ తేదీ వఱకు అఱువదినాలుగేండ్లు. నడుమ 1856లో వితంతువివాహమును చట్టబద్ధము చేయు శాసనము వచ్చినను, వ్రాసిన శాసనమునకు వ్రాయని శాసనము లొంగలేదు. ఈ కాలమంతయు తరిగొండలోను, మదనపల్లెలోను, చిత్తూరులోను, తెలుగునాట ఊరూర పదేండ్ల బాలికల తలలు గొఱిగించుచునే యుండిరి. గొఱిగించిన చేతులే వెంగమాంబ కీర్తనలకు తాళము వేసినవి.

ఇది ఎట్లు పొసగినది? ఆమెను మానవి కాదనుటచేత పొసగినది. వెంగమాంబ దేవతాంశ, ఆమె జుట్టు దైవముచేత మొలిచినది, ఆమె మాట వేఱు, మన పిల్ల మాట వేఱు. ఇట్లు అనుకొన్నంతనే అంతరాత్మకు నెమ్మది కలిగినది. న్యాయస్థానమున ఒక వ్యాజ్యెమున వచ్చిన తీర్పు అట్టి వ్యాజ్యెములన్నిటికిని దృష్టాంతమగును. లోకమో, తనకు ఇష్టములేని దృష్టాంతమును అద్భుతమని పేరుపెట్టి గుడిలో పెట్టును. గుడిలో పెట్టినదానిని పూజింపవచ్చును, అనుసరింప నక్కఱలేదు. ఒక్కరికి మినహాయింపు ఇచ్చి తక్కినవారిమీద నియమమును నిలుపుకొనుట ఆచారమునకు తెలిసిన ఉపాయములలో కడు నేర్పుగలది. నేను వితంతువును కానన్న ఆమె వాదములోని లోపము ఇచ్చట ఫలించినది. ఆ లోపము ఆమెది కాదు. అంతకంటె పెద్ద వాదమును వినగల చెవులు ఆనాడు లేవు. ఆ పెద్ద వాదమును చేయవలసినది తరువాతివారు.

శిరోముండనము కాలక్రమమున దాదాపుగా అంతరించినది. సంతోషింపవలసినదే. కాని శాసనములోని ఇంటి విధులు సడలినంతగా వీథి విధులు సడలలేదు. పదవదినమున గాజులు పగులగొట్టు తంతు నేటికిని పెక్కుచోట్ల జరుగుచున్నది. ఉద్యోగము చేసి కుటుంబమును పోషించు తల్లి, తన కుమారుని పెండ్లిలో తలంబ్రాల సమయమున వెనుకవరుసకు తనంత తాను తప్పుకొనుచున్నది. ఎవరును పొమ్మనరు, రమ్మనియు ఎవరును అనరు. వ్రాయబడని శాసనము పనిచేయు తీరు ఇదియే. మహారాష్ట్రములో కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ అను గ్రామమువారు 2022 మే 4వ తేదీన గ్రామసభ చేసి, గాజులు పగులగొట్టుట, బొట్టు తుడుచుట మొదలైన వైధవ్యపు తంతులను విడిచిపెట్టుటకు తీర్మానించిరి. ఊరు మౌనముగా చేసిన శాసనమును ఊరే నోరు విప్పి రద్దుచేసిన సందర్భము అది. అట్టి తీర్మానము వెంగమాంబ పుట్టిన సీమనుండి మొదట వచ్చియుండవలసినదని మాకు తోచుచున్నది.

తిరుమలలో యాత్రికులకు ఉచితముగా భోజనము పెట్టు విశాలమైన భవనమునకు నేడు ఆమె పేరే కలదు. 2011 జూలై 7వ తేదీన అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌గారు దానిని ప్రారంభించిరి. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రమున వేలాది జనులు దినదినము కులభేదము లేక ఒక్క వరుసను కూర్చుండి భుజింతురు. ఆ వరుసలలో వితంతువులును కూర్చుందురు. ఏ వరుసయో ఎవరును అడుగరు. ఎంగిలివిస్తళ్లతో అవమానింపబడిన స్త్రీ పేర ఇన్ని విస్తళ్లు పఱచుట ఉచితమైన ప్రాయశ్చిత్తమే. అయితే భవనమునకు పేరు పెట్టుట సులభము. పందిటిలో పీట వేయుట కష్టము.

కనుక మా విన్నపము చిన్నది. సభలు చేయుమనియు, చందాలు వేయుమనియు మేము కోరము. మీ యింట రాబోవు శుభకార్యమున, మంగళహారతి వేళకు మీ మేనత్తయో, పిన్నమ్మయో, వదినెయో, కన్నతల్లియో స్తంభము చాటున నిలుచుండును. ఆమె తనంత తాను ముందుకు రాదు. వెంగమాంబ వంటి ధైర్యము లక్షమందిలో ఒక్కరికి ఉండును, అట్టి ధైర్యము ఉన్నవారికే గౌరవమనుట న్యాయము కాదు. ఇంటి యజమాని లేచి, ఆ చాటునకు పోయి, పళ్లెరమును ఆమె చేతికి ఈయవలెను. పురోహితుడు ఒక్కక్షణము తడబడును, ముసలివారు ఒకరినొకరు చూచుకొందురు, గుసగుస పుట్టును. పుట్టనిండు. మఱుసటి పెండ్లిలో ఆ గుసగుస తగ్గును. మూడవ పెండ్లిలో అదియే వాడుకయగును. పిల్లల కాలమునకు అదియే శాసనమగును.